బూరుగు చెట్టు కింద స్వాగతం

తేనెటీగల గురించి నాకు తెలిసినంత నరసరావుపేట తాలూకాలో ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్మిన రోజుల్లో, ముప్పైమంది దాకా పసిపిల్లలను తీసుకెళ్ళి సరిగ్గా తేనెతుట్టె కింద కూర్చోబెట్టాను. నా ఉద్యోగ జీవితంలో ఇంతకంటే తెలివితక్కువ పని చేయలేదు. చేసి ఉంటే ఎవరూ పట్టుకోలేదు.

1943లో నన్ను వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటరుగా నరసరావుపేటకు వేశారు. కొత్త వంగడాలను రైతు కళ్ళముందే పండించి చూపడం ఆ ఉద్యోగం. పదవి పేరుకు నోరు తిరగక రైతులు నన్ను విత్తనాలయ్య అనేవారు. పొలం పనులతో పాటు ఊరి బయటి మొక్కల తోట కూడా నా అజమాయిషీలోనే ఉండేది. అందులో దేశదేశాల చెట్లు, ఒక్కోదాని దగ్గర రేకుముక్క మీద దాని పేరు, కుటుంబం, పుట్టిన చోటు. పల్నాటి ఎండలో ఒక కాఫీ మొక్క మాత్రం చనిపోవడానికి నా ఉత్తర్వు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉండేది.

తోట నడుమ పెద్ద బూరుగు చెట్టు. ఏటా చలి తగ్గే వేళకు కోటప్పకొండ వైపు నుంచి పెద్ద తేనెటీగలు వచ్చి దాని కొమ్మకు తుట్టె పెట్టేవి. ఇవి తొర్రల్లో దాక్కునే రకం కాదు. చేటంత తుట్టెను బాహాటంగా వేలాడదీసి, దానిమీద దుప్పటిలా తామే పరుచుకుని ఉంటాయి. బడిపిల్లలు తోట చూడడానికి వచ్చే ముందు పొగపెట్టి తుట్టె తీయించాలన్నది నాకు ముందున్న ఉద్యోగి పెట్టిన పద్ధతి. మరుసటి ఏడు మాఘంలో మిషను బడి పిల్లలు వస్తున్నారని కబురు వచ్చినప్పుడు ఆ పద్ధతిని నేనే పక్కన పెట్టాను. పువ్వు, పుప్పొడి, ఈగ మూడూ ఒక్కచోట కనబడుతుంటే పాఠం ఎంత రక్తి కడుతుందో అని నా ఆశ.

ఆ బడి పెద్ద టీచరు సుగుణమ్మ గారు. నవ్వులాటకైనా అబద్ధమాడని మనిషి. పిల్లలందరూ ఒకటి నుంచి మూడో తరగతి లోపువాళ్ళే. బడులను తనిఖీ చేసే డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు ఆ రోజు నేరుగా తోటకే వచ్చి పిల్లలను చూస్తానన్నారు. ఆయన మెచ్చితేనే బడికి గుర్తింపు నిలుస్తుంది. అందుకని పిల్లలు వారం నుంచీ సాధన చేస్తున్నారు. ఆయన జరీ తలపాగా కనబడగానే అందరూ ఒక్కసారిగా లేచి, చప్పట్లు కొడుతూ స్వాగతగీతం అందుకోవాలి.

తోట తిరగడం హాయిగానే సాగింది. నిమ్మగడ్డి నలిపి వాసన చూపించాను. అత్తిపత్తి దగ్గర ప్రతి ఒక్కరూ ఆకును ముట్టుకునేదాకా వరస కదలలేదు. చివరికొచ్చిన పిల్లకు ముడుచుకోవడానికి ఆకే మిగల్లేదు. ఆ తరువాత బూరుగు నీడలో కూర్చోబెట్టి, తేనె గురించి నా శక్తి కొద్దీ తియ్యగా మాట్లాడడం మొదలుపెట్టాను.

నేల మీద ఒక నీడ జారింది. తేనెగద్ద ఒకటి కాళ్ళు చాచుకుని వచ్చి తుట్టె అంచును గీరి, ముక్క తన్నుకుపోయింది. పిల్లలు దాన్ని చూడలేదు. నేను చూశాను. నల్లటి తుట్టె మీద పైనుంచి కిందికి ఒక అల లేచింది. దాని వెనక ఇంకొకటి. కుండలో నీళ్ళు మరుగుతున్నట్టు హోరు మొదలైంది. కొన్ని ఈగలు విడివడి మా తలల మీద చుట్టూ తిరగసాగాయి.

ఈ ఈగలు కదలికను చూసి, చప్పుడును బట్టి మీదికొస్తాయి. ఒక్కటి కుట్టిందంటే ఆ చోట మిగిలే వాసన మిగతావాటికి దారి చూపిస్తుంది. పరుగెత్తినవాణ్ణి చాలా దూరం తరుముతాయి. ఇలాంటి దాడిలో ఎదిగిన మనుషులే బతకని సందర్భాలు నేను ఎరుగుదును. ఇక్కడ ఉన్నవాళ్ళలో సగం మందికి పాలపళ్ళు ఊడలేదు. ఒక్క పిల్ల కెవ్వుమన్నా, అందరూ ఒక్కసారి లేచినా ఇక చేసేదేమీ లేదు. రాయి విసిరేంత దూరంలో విత్తనాల గది ఉంది. తలుపులు, కిటికీలు గట్టివి. ఒక్కొక్కరుగా, చప్పుడు లేకుండా అక్కడికి చేరాలి.

సుగుణమ్మ గారి చెవిలో విషయం చెప్పాను. ఆవిడ పైకి చూడనైనా చూడలేదు. పిల్లల వైపు వంగి, ఇప్పుడు మనమందరం నత్తలమనీ, నత్తలు మాట్లాడవనీ, మెల్లంగా ఆ గదిలోకి పాకిన నత్తే మంచి నత్తనీ చెప్పారు. మొదటి వరస మోకాళ్ళ మీద కదిలింది.

సగం మంది గది చేరేసరికి రోడ్డు మీద జట్కా గంటలు వినబడ్డాయి. చెమటపట్టిన గుర్రమంటే ఈ ఈగలకు మహా కోపం. తోటమాలి మస్తాన్‌కు సైగ చేస్తే, కంచె పక్కగా నడిచి వెళ్ళి గేటు బయటే కళ్ళెం పట్టుకుని ఆపాడు. గుర్రం ఆగింది గాని ఇన్‌స్పెక్టరు గారు ఆగలేదు. సత్తెనపల్లి దాకా, యుద్ధపు పెట్రోలు కరువులో బొగ్గు మండించి నడిపే బస్సులో వచ్చారేమో, మొహం మీద మసి, నెత్తిన జరీ తలపాగా, రెండూ మెరుస్తున్నాయి. నేరుగా మా వైపే వస్తున్నారు.

వారం రోజుల సాధన ఊరికే పోతుందా. చెట్టు కింద మిగిలిన పిల్లల మోకాళ్ళు నేల వదిలాయి. చేతులు చప్పట్లకు సిద్ధమయ్యాయి. ముందున్న పిల్ల పాట ఎత్తుకోవడానికి నోరు తెరిచింది.

"లేవమాకండి," అన్నారు సుగుణమ్మ గారు, గొంతు పైకి రానివ్వకుండా. "ఆయన ఇన్‌స్పెక్టరు గారు కాదు. తాటాకులు అమ్మేటాయన. మీరు పాకండి."

తెరిచిన నోరు మూతపడింది. మోకాళ్ళు నేలకు దిగాయి. ఒక్క చిన్నపిల్ల మాత్రం పాకుతూనే వెనక్కి తిరిగి చూసి, తనకు గుసగుస అనిపించిన గొంతుతో అంది: "టీచర్, తాటాకులాయన తలపాగా చానా బాగుంది."

ఇన్‌స్పెక్టరు గారు ఉన్నచోటే నిలబడిపోయారు. ఆయన ఏదో అనబోతుంటే నేను నోటి మీద వేలు వేసుకుని వద్దని తల ఊపాను. నాకంటే రెండు మెట్లు పైనున్న అధికారిని నోరు మూసుకోమనడం అదే మొదలు.

"ఏమిటయ్యా ఈ మర్యాద? లేచి నిలబడడం కూడా నేర్పలేదా వీళ్ళకు?" అని ఆయన గట్టిగానే అడిగారు.

హోరు ఒక్కసారి పెరిగింది. నా చెవి మీద నిప్పు పెట్టినట్టయింది. కుట్టిందంటే ఆ వాసన ఇప్పుడు నా దగ్గరుంది. అరవకుండా, పరుగెత్తకుండా పిల్లలకు ఎదురుదిశలో నడవడం మొదలుపెట్టాను. అంత నెమ్మదిగా నేను ఏ పైఅధికారి గదిలోకీ నడవలేదు. మెడ మీద ఇంకొకటి కుట్టింది. ఇన్‌స్పెక్టరు గారికి మాత్రం, ఆయన మాట్లాడుతుండగానే నేను వీపు చూపించి వెళ్ళిపోతున్నట్టు కనబడింది. ఆయన అలిగి వెనక్కి తిరిగి గేటు వైపు వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయన మాకు చేసిన మేలు అదే, తెలియక చేసినా.

వెనక విత్తనాల గది తలుపు మూసుకున్న చప్పుడు నాకు వినబడింది. ఈగలు తగ్గాక నేనూ చుట్టు తిరిగి అక్కడికి చేరాను. లోపల చీకట్లో వేరుశనగ బస్తాల మధ్య పిల్లలు ఇంకా నత్తల్లాగే ఉన్నారు. సుగుణమ్మ గారు ఒక్కొక్కరి తల తాకుతూ లెక్క చూసుకుంటున్నారు. లెక్క సరిపోయాక గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయారు. బయట హోరు సన్నబడి, మామూలు రొదగా మారింది. ఎవరికీ ఏమీ కాలేదు, గారెలా ఉబ్బిన నా చెవికి తప్ప.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు మా జిల్లా అధికారికి ఉత్తరం రాశారు. పిల్లలు లేవలేదు, సిబ్బంది వేళ్ళు చూపించారు, తనను తాటాకుల వ్యాపారిని చేశారు. ఇక ఈగలంటారా, తాను చూసినంతలో అవి తమ పని తాము చేసుకుంటున్నాయి. నన్ను సంజాయిషీ అడిగారు. గుంటూరు వెళ్ళి చెప్పుకున్నాను. అధికారి అంతా విని, తుట్టె ఎందుకు తీయించలేదని ఒక్క ప్రశ్న వేశారు. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. నాకు హెచ్చరిక ఇచ్చి, బడి తప్పేమీ లేదని విద్యాశాఖకు రాశారు. గుర్తింపు నిలిచింది. ఆ కబురు చెబితే సుగుణమ్మ గారు సంతోషించి, "అబద్ధమాడినందుకు ప్రార్థన చేసుకున్నానండీ. అట్టాంటి అవసరమొస్తే మళ్ళీ ఆడతాను," అన్నారు.

ఈ ఉదంతం నాకు నేర్పింది రెండు సంగతులు. పిల్లలను చెట్టు కింద కూర్చోబెట్టే ముందు చెట్టు పైకి చూడాలి. తప్పించిన ప్రమాదానికి సాక్ష్యం ఉండదు, కనుక తప్పించినవాడే తప్పు చేసినవాడిలా కనబడతాడు. దానికి నొచ్చుకుంటే ఉద్యోగం చేయలేం.

నొచ్చుకోకపోయినా ఊరుకోలేదు. ఇకముందు ఇలా జరగకుండా సందర్శకులకు నిబంధనలు రాసే పని మా అధికారి నాకే అప్పగించారు. మాఘం నుంచి వైశాఖం దాకా ఎంతటి హోదాగలవారైనా బండి గేటు బయట వదిలి, నడుము వంచి, మాట్లాడకుండా విత్తనాల గది వరకూ నడవాలనీ, ఎవరూ ఎవరికీ లేచి నమస్కరించరాదనీ రాశాను. బడిపిల్లల సంగతి కాబట్టి విద్యాశాఖ ఒప్పుదల కావాలి. ఆ కాగితం ఇన్‌స్పెక్టరు గారి బల్ల మీదికే వెళ్ళింది. అన్ని సర్క్యులర్ల మాదిరే దీన్నీ చదవకుండా సంతకం చేశారు. కాగితం మీద రాసింది చిరిగిపోతుందని రాతి చెక్కడాలకు పేరున్న దుర్గి ఊరి శిల్పి చేత రాయి మీద రాయించి, కింద ఆయన హోదా కూడా చెక్కించి గేటు దగ్గర పాతించాను.

మరుసటి ఏడు మాఘంలో ఆయన తన పైఅధికారిని వెంటబెట్టుకుని తోటకొచ్చారు. పైఅధికారి రాయి మీది అక్షరాలు ఆసాంతం చదివి, పిల్లల మీద మీకున్న శ్రద్ధ గొప్పదండీ అని ఇన్‌స్పెక్టరు గారిని మెచ్చుకుని, తానే ముందుగా నడుము వంచారు. ఇన్‌స్పెక్టరు గారు నా వైపొకసారి చూసి, ఆయన వెనకే వంగారు. నేను కూడా మర్యాదగా వంగి వెనక నడిచాను.

ఆ ఏడాది ఈగలు మా చెట్టుకు రానే లేదు. ఆ సంగతి వాళ్ళు విత్తనాల గది చేరి, నడుములు పట్టుకుని నిలబడ్డాక చెప్పాను.