తడారనేదు బాబూ

కళింగపట్నంలో పడవలకు రంగులు వేసి బొమ్మలు గీసే ఆయన, పని ముగిశాక కూడా ఎవరినీ బొమ్మ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "ముట్టకండి బాబూ, తడారనేదు" అనేవాడు. ఆ ఎండకు ఎనామిల్ రంగు ఒక్క పూటలో ఆరిపోతుందని ఇంజనీరుగా నాకు తెలుసు. ఆయన మాత్రం మర్నాడు కూడా అదే మాట అనేవాడు.

వలలు దాచే షెడ్డు గోడమీద ఒకసారి ఆయన గంగమ్మను గీశాడు. చీర మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, నెత్తిన చేపల గంపతో నిలబడిన అమ్మవారు. ఎవరో ఫోనులో తీసిన ఆ ఫొటో ఊళ్ళు తిరిగింది. కుర్రాళ్ళు గుంపుగా వచ్చారు. ముందు నిలబడినవాడు ఆయన మేనల్లుడే.

"అమ్మోరి నెత్తిన సేపల గంపేటి మావా? సిగ్గునేదా నీకు?"

"ఆ గంప దించీస్తే మనకి కూడెవులెడతార్రా?"

ఎవరూ నవ్వలేదు. బొమ్మ చెరపకపోతే ఊళ్ళో ఒక్క పడవ కూడా రంగుకు ఇవ్వబోమన్నారు. ఆయనే బకెట్ తెచ్చి, అమ్మవారి పాదాల నుంచి పైకి సున్నం కొట్టాడు. ముఖం దగ్గర కుంచె చాలాసేపు ఆగింది. తర్వాత అదీ కప్పేశాడు.

అయినా పడవలు ఆయన దగ్గరికి రాలేదు. సాయంత్రాలు ఆ తెల్లగోడ ఎదుట ఒక్కడే కూర్చునేవాడు. నాకు బదిలీ అయ్యాక, చెప్పి వెళ్దామని అక్కడ ఆగి, పెచ్చులు లేస్తున్న ఆ గోడకు అలవాటుగా వీపు ఆనించాను.

ఆయన గభాలున లేచాడు.

"ఆనుకోకండి బాబూ, తడారనేదు."

పక్కకు జరిగాను. చొక్కాకు అంటిన పొడి సున్నాన్ని ఆయన ఎదుట దులుపుకోలేకపోయాను.