ఆరబెట్టని పిల్లిపెసర

పొద్దున్న ఏడుంపావుకి, స్కూలు వ్యాను రావడానికి పది నిమిషాల ముందు, గౌరి ఎడమ డొక్కలో గుంట కనిపించలేదు. కడుపునిండా మేసిన గేదెకైనా తుంటి ఎముక ముందు అరచేయంత గుంట ఉంటుంది. ఆ చోటు బల్లలా ఎత్తుగా ఉంది. వేలితో కొడితే డప్పులా మోగింది.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మానేసి, మావారితో కలిసి మండపేట దగ్గర పశువుల పాక అద్దెకు తీసుకుని పాడి మొదలుపెట్టిన మూడో నెల అది. తరవాత నాలుగేళ్లు అదే నా ఉద్యోగం. అప్పటికి ఉన్నవి మూడు గేదెలు. గౌరి ఎనిమిదో నెల చూడిది. పుట్టబోయే దూడకు పిల్లలిద్దరూ పేరు కూడా పెట్టేశారు.

ఆ వారమే పాక వెనక, వరి కోసిన చేలో, పిల్లిపెసర ఏపుగా లేచింది. మాంసకృత్తులు ఎక్కువున్న పచ్చిమేత అని చదివి సంబరపడిపోయాను. పక్క పాక సత్తెమ్మగారు ఆరబెట్టి వెయ్యమని ముందే చెప్పారు. ఆరబెట్టడమంటే నాకు తడిబట్టలే తెలుసు. వాన పడలేదు కదా అనుకున్నాను. తెల్లారుతూనే కోసి, ఖాళీ కడుపుతో ఉన్న గౌరికి మోపెడు వేశాం. తట్టలతో మోసింది మా ఏడేళ్ల అమ్ములు.

పశువుల డాక్టరుగారికి ఫోన్ చేస్తే, వచ్చేసరికి ముప్పావు గంట పడుతుందన్నారు. ఇది కడుపుబ్బరం, లేత మేత పులిసి నురగ కడితే గాలి బయటికి రాదు, చివరికి ఊపిరాడదట. ముందుకాళ్లు మెరక మీద ఉండేలా నిలబెట్టమన్నారు. నోట్లో అడ్డంగా వేపకర్ర పెట్టి కొమ్ములకు కట్టమన్నారు; దాన్ని నములుతుంటే తేన్పులు వస్తాయి. అర లీటరు వంటనూనె కొద్దికొద్దిగా పట్టమన్నారు. తల మరీ పైకెత్తితే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుందట. అప్పటికీ తగ్గకపోతే డొక్కలోకి గొట్టం దించాలి. అది ఆయన చేసే పని.

మావారు తాడు పట్టుకున్నారు. నూనె సీసా నాది. నూనె కాస్త ఒలికినా, మా కేకలు విని వచ్చిన సత్తెమ్మగారు సీసా లాక్కోలేదు. నా మోచెయ్యి పట్టుకుని నిలిపారు.

"కంపెనీలో టెస్టింగు చేశానంటావు. గడ్డిని టెస్టు చెయ్యలేదేంటమ్మా?"

"వాన పడలేదు కదా అనుకున్నాను పిన్నిగారూ."

"మరి రాత్రి మంచు ఎవరి చేలో కురిసింది?"

ఆ భయంలోనే నవ్వొచ్చింది. అప్పుడే గౌరి తేన్చింది. పుల్లటి వాసన మొహాన కొట్టింది. అంత మంచి వాసన నేనెరగను. తరవాత రెండో తేన్పు, మూడోది. వేలు పెడితే డొక్క మెత్తగా లోపలికి దిగింది. నూనె చేతులతోనే గంతులేశాను. డాక్టరుగారు వచ్చేసరికి గొట్టం అవసరం లేకపోయింది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, దూడ కదులుతోందన్నారు.

వ్యాను ఎప్పుడో వెళ్లిపోయింది. అమ్ములు మాత్రం రోజంతా గౌరి దగ్గరికి వెళ్లలేదు.

మర్నాడు పొద్దున్న పిల్లలిద్దర్నీ గౌరి పక్కన నిలబెట్టి చెప్పాను. "నిన్నటి తప్పు అమ్మది. తట్ట మోసినవాళ్లది కాదు. ఇకనుంచి ముందు ఎండుగడ్డి, పిల్లిపెసర ఆరాకే. మీ డ్యూటీ ఏంటంటే, వ్యాను ఎక్కేముందు ఎడమ డొక్క చూడటం. గుంట కనిపిస్తే స్కూలుకి వెళ్లండి. కనిపించకపోతే వ్యాను పోయినా పరవాలేదు, నన్ను పిలవండి."