రెండో రౌండు

మా ఆవిడ పరుగు టీవీలో చూడటానికి మా అత్తయ్య న్యాల్‌కల్ అవతలి ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి జహీరాబాద్ వచ్చేసింది. వస్తూనే జొన్నరొట్టెల మూట బల్ల మీద పెట్టి, "ఎప్పుడు ఉరుకుతది అల్లుడా?" అని అడిగింది. మధ్యాహ్నం అన్నాను.

"గప్పటిదాంక నేనేం జెయ్యాలె?"

ఫ్యాక్టరీకి సెలవు పెట్టి నేనూ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను.

మాది కృష్ణా జిల్లా. ఉద్యోగం వచ్చి ఇక్కడికి చేరాను. ఆవిడ ఈ ప్రాంతం పిల్లే. ఎనిమిది వందల మీటర్ల పరుగు ఆమెది. మైదానం చుట్టూ రెండు రౌండ్లు, అంతే. మొదటి రౌండు ఊపిరితో తిరుగుతాం, రెండో రౌండు ఊపిరి లేకుండా తిరుగుతాం అని పెళ్ళైన కొత్తలో చెప్పింది.

పాప పుట్టాక ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. ఆమె మాత్రం పాప పాలు మానకముందే మళ్ళీ రోడ్డెక్కింది. చిరాగ్‌పల్లి వైపు హైవే పక్కన మట్టిదారిలో ఆమె పరిగెడుతుంటే, నేను పాపను ఒళ్ళో కట్టుకుని బండి మీద వెనకాలే వెళ్ళేవాణ్ణి. పాలు చేపొచ్చి బట్టలు తడిసిపోతే ఆగేది. గట్టు మీద కూర్చుని పాపకు పట్టి, మూతి తుడిచి నా చేతికిచ్చి మళ్ళీ పరిగెత్తేది. అలా దేశం జట్టులో చోటు సంపాదించింది. ఆసియా దేశాలన్నీ పాల్గొనే పోటీలు. ఆమె వయసుకి ఇంత పెద్ద పోటీ ఇదే మొదటిది, ఇదే ఆఖరిది. కోచ్‌గారు ఆ మాట దాచకుండా మా ఇద్దరికీ చెప్పారు.

ఆ రోజు జరిగేవి హీట్స్. అందులో ముందు వచ్చినవాళ్ళే ఫైనల్‌కి వెళ్తారు. సరిగ్గా పరుగు మొదలయ్యే ముందు కరెంటు పోయింది. ఫోన్‌లో పెట్టాను. అత్తయ్య నా భుజం మీదుగా వంగింది. పాప కింద కూర్చుని రొట్టె తుంచుకుంటోంది.

మొదటి రౌండు బాగానే అయింది. ఆఖరి రౌండు గంట మోగింది. రెండో రౌండులో ఆమె లోపలి అంచున చిక్కుకుపోయింది. ముందొకరు, పక్కనొకరు. బయటికి రావడానికి సందు లేదు. "పక్కకి రా, పక్కకి రా" అని నేను ఫోన్‌తో మాట్లాడుతున్నాను. పక్కనున్న అమ్మాయి ఒక్కసారిగా లోపలికి తిరిగింది. మా ఆవిడ చేతులు గాల్లోకి లేచాయి. అక్కడ బొమ్మ ఆగిపోయింది.

"ఏమైంది? గట్లనే నిల్సిందేంది?"

"నెట్ ఆగింది అత్తయ్యా."

"అది పడ్డదా?"

ఫోన్ పట్టుకుని డాబా మీదికి పరిగెత్తాను. అక్కడా అంతే. మెట్లు దిగి వీధిలోకి వచ్చాను. చెయ్యి పైకెత్తి ఎండలో నడుస్తున్నాను. ఎదురింటాయన ఏదో అడిగాడు, వినిపించలేదు. కాసేపటికి బొమ్మ కదిలింది కానీ అప్పటికి వేరే పరుగు మొదలైపోయింది. ఎవరో పొడుగాటి మగవాళ్ళు గీత దగ్గర చేతులు విదిలించుకుంటున్నారు. వాళ్ళ మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

ఫలితాల్లో ఆమె పేరు అట్టడుగున ఉంది. పక్కన టైము వేశారు. టైము ఉందంటే గీత దాటినట్టు. ఇంట్లోకి వచ్చి అత్తయ్యకు అదే చెప్పాను.

"పడినట్టుంది. కానీ లేచి పూర్తిచేసింది."

"మరి గెలువలే?"

"లేదు."

అత్తయ్య పైట చెంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. పాప అమ్మమ్మ వీపు మీద రెండు చేతులూ వేసి నిలబడింది.

సాయంత్రం కావస్తుండగా మా ఆవిడ ఫోన్ చేసింది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. గొంతు ఎక్కడో బావిలో నుంచి వచ్చినట్టుంది.

"నన్ను నూకింది. మనోళ్ళు ఫిర్యాదు ఇచ్చిన్రు. వీడియో చూస్తున్నరట. నువ్వు చూసినవ్ గద, చెప్పు. అది నా మీదికి వచ్చిందా, నేనే దాని కాలికి తాకిన్నా?"

"నాకు కనపడలేదు. సరిగ్గా అప్పుడే ఆగిపోయింది."



"పడుడు యాదికుంది నాకు. లేసుడు యాదికి లేదు. ఎట్ల లేసిన్నో, ఎట్ల ఉరికిన్నో ఏం యాదికి లేదు" అంది. తర్వాత, "పాప తిన్నదా?" అంది.

ఆ ఎదురుచూపు నా శత్రువుకి కూడా వద్దు. అత్తయ్య రొట్టెలు అలాగే ఉన్నాయి. పాప ఒక్కతే ఇల్లంతా తిరుగుతోంది. దీపాలు పెట్టే వేళకి కోచ్‌గారి నుంచి కబురు వచ్చింది. ఫిర్యాదు ఒప్పుకున్నారు. తోసింది అవతలి అమ్మాయేనని తేల్చి, మా ఆవిడను ఫైనల్‌కి తీసుకున్నారు. నేను గట్టిగా అరిచాను. అత్తయ్య నవ్వలేదు. "దాని కాలెట్లున్నదో అడుగు ముందు" అంది.

కాలు బాగాలేదు. మర్నాడు వీడియో కాల్‌లో మోకాలు చూపించింది. పట్టీ కట్టారు, అయినా పక్కలకి ఉబ్బి మెరుస్తోంది. జట్టు డాక్టరు పరిగెత్తొద్దన్నాడట. ఆమె ఇష్టమన్నాడట కోచ్.

అత్తయ్య ఫోన్ లాక్కుంది. "ఒద్దు బిడ్డా. ఇంటికి రా. ఎవ్వలేమంటరు? పడ్డదంటరు, గంతే గద."

"అమ్మా, నేనిప్పుడొస్తె నన్ను మల్ల ఎవ్వలూ పిలువరు."

"పిలువకుంటె పిలువకపాయె. నీ పిల్ల నిన్ను పిలుస్తలేదా?"

మా ఆవిడ తెర మీద నుంచి నావైపు చూసింది. నన్నేదో చెప్పమన్నట్టు. పరిగెత్తమంటే ఆ మోకాలు కనిపిస్తోంది. వద్దంటే ఆ మట్టిదారి కనిపిస్తోంది. "నువ్వు ఏదంటే అది" అన్నాను. ఆమె తల ఊపి కాల్ కట్ చేసింది.

ఫైనల్ మరుసటి రోజు. ఈసారి పాపను చంకనేసుకుని, అత్తయ్యను వెంటబెట్టుకుని, టీవీ తెగిపోకుండా వస్తుందని కోహీర్‌లో ఉండే నా తోటి ఉద్యోగి ఇంటికి వెళ్ళాను. వాళ్ళు మమ్మల్ని ముందు కూర్చోబెట్టి, తాము వెనక్కి జరిగారు.

తుపాకీ పేలగానే ఆమె నేననుకోని పని చేసింది. ఎప్పుడూ వెనక ఉండి చివర్లో అందుకునే మనిషి, మొదటి వంపు దాటగానే అందరికంటే ముందుకు వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరి మధ్యా ఇరుక్కోకూడదని. గంట మోగేటప్పటికి ముందుంది. అత్తయ్య లేచి నిలబడి, "ముంగటున్నది! అల్లుడా, మనదే ముంగటున్నది!" అంటోంది. నాకు మాత్రం ఆమె కుడికాలు మోపేటప్పుడు భుజం ఒరగడం కనిపిస్తోంది. ప్రతి అడుగుకీ ఒరుగుతోంది. ఇంకా సగం రౌండుంది. ఎవరైనా ఆపండి అని అరవాలనిపించింది. ఆగకు అని కూడా అనిపించింది.

ఆఖరి వంపు తిరిగేటప్పుడూ ముందే ఉంది. ఆ తర్వాత ఒకమ్మాయి దాటింది. వెంటనే ఇంకొకరు. మూడో ఆమె పక్కకు వచ్చినప్పుడు మా ఆవిడ పళ్ళు బిగించి మెడ ముందుకు చాపింది. ఆ మొహం నేను పురిటి గదిలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. మూడో ఆమె కూడా దాటింది. ఇంకో ఇద్దరు దాటారు. ఆరో స్థానంలో గీత దాటి అక్కడే కూలబడింది. ఎవరో స్ట్రెచర్ తెచ్చారు. కెమెరా గెలిచినవాళ్ళ వైపు తిరిగిపోయింది.

ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చి అత్తయ్యకిచ్చింది. అత్తయ్య గ్లాసు పట్టుకుని, "దాన్ని ఎటు తీస్కపోయిన్రు? చూపెడ్తలేరేంది?" అని టీవీని అడుగుతూనే ఉంది.

ఆమె ఇంటికొచ్చిన తర్వాత హైదరాబాద్‌లో మోకాలికి ఆపరేషన్ అయింది. కొన్ని నెలలకి బీదర్‌లో ఇంకో డాక్టరు మంచివాడంటే అక్కడికీ వెళ్ళాం. ఆయన ఎక్స్‌రే ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూసి, నడవొచ్చు, పొలం పని కూడా చెయ్యొచ్చు, పరుగు మాత్రం కుదరదు అన్నాడు.

"జర గూడనా?" అంది మా ఆవిడ.

ఆయనకి తెలుగు కొంచెమే వచ్చు, ఆ మాట మాత్రం అర్థమైంది. తల అడ్డంగా ఊపాడు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుంది. ఫైనల్‌కి ముందు రోజు గట్టిగా వద్దని ఉంటేనో అని నాలో నేను అనుకుంటున్నది ఆమెకి వినపడిందో ఏమో, దారిలో ఒకసారి ఇటు తిరిగి, "నువ్వొద్దన్నా నేను ఉరుకుతుంటి" అంది.

జహీరాబాద్ బస్టాండులో బస్సు ఆగింది. వెనకవాళ్ళు తొందరపెడుతున్నారు. ఆమె కడ్డీ పట్టుకుని ఒక కాలు, తర్వాత రెండో కాలు, మెట్టు మెట్టుకీ ఆగుతోంది. నేను కిందికి దిగి చెయ్యి చాపాను.

"జరుగు" అంది. "నేనే దిగుత."