పగలు పడుకునేవాళ్ల ఇల్లు

కోమలి గీసే ప్రతి నక్షాలోనూ గాలి ఎటు నుంచి ఎటు పోవాలో బాణం గుర్తు ఉంటుంది. సూరత్ సేట్లకు ఆ బాణాలు అక్కర్లేదు, అద్దాలు కావాలి. ఎండకు ఉడికిపోయే ఊళ్లో నాలుగు వైపులా అద్దం బిగించి, లోపల ఏసీ పెట్టి, కరెంటు బిల్లు చూసి గుండె బాదుకోవడం ఏం సరదానో నాకైతే అర్థం కాదు. వాళ్లకు చెప్పీ చెప్పీ ఆమె గొంతు అరిగిపోయింది. ఇన్నేళ్ల ఆర్కిటెక్ట్ పనిలో తన మాట నెగ్గించుకుని కట్టించింది ఒక్కటే, నవాగామ్‌లో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే కార్మికుల అద్దె గదులు.

వాటి యజమాని పరమేశ్వర్ ఒకప్పుడు ఉధ్నాలో కోమలి నాన్నతో కలిసి సాంచెలు నడిపినవాడే. ఆ అభిమానంతోనే ఒప్పుకున్నాడు. సముద్రం గాలి వచ్చే వైపు ఇటుకల మధ్య సందులు వదిలి జాలీ గోడ కట్టించింది. వేడి పోవడానికి పైన దారి పెట్టింది. ఫ్యాన్ లేకపోయినా బతకగలిగే గదులని మురిసిపోయింది.

మే నెలలో పరమేశ్వర్ ఫోన్ చేశాడు.

"బిడ్డా, నీ జాలీ ఎవ్వలకు పనికొస్తలేదు. అందరు అట్టలు కట్టుకున్నరు. సోమారం మేస్త్రీని వెట్టి మూయిస్త."

"జర ఆగు కాకా, నేనొచ్చి చూస్త."

మిట్టమధ్యాహ్నం వెళ్లింది. జాలీల నిండా చీరల డబ్బాల అట్టలు, పాత దుప్పట్లు. కోమలికి ఒళ్లు మండింది. మొదటి తలుపు దబదబా బాదింది. ఆ గదిలో ఉండే సాంచెల కార్మికుడు రాజలింగం ఎర్రటి కళ్లతో తలుపు తీశాడు. లోపల నుంచి వేడి గుప్పున కొట్టింది.

"గాలి రావాలని కట్టిస్తే మూసుకున్నరేందన్నా?"

"గాలి మంచిగనే వస్తది చెల్లె. దాంతోని ఎల్తురు గూడ వస్తది. రాత్రంత సాంచెల కాడ నిలవడి వచ్చెటోళ్లం. గింత ఎల్తురుల కన్నెట్ల మూతవడ్తది?"

కోమలి నాన్నదీ రాత్రి పాళీయే. ఆయన ఇంటికి రాగానే అమ్మ కిటికీకి దుప్పటి కట్టేది. పిల్లలు గిన్నె చప్పుడు కాకుండా అన్నం తినేవాళ్లు. "మెల్లగ, నాయిన పండుకున్నడు" అన్న మాట వింటూనే పెరిగింది. అలాంటి పిల్ల మధ్యాహ్నపు సూర్యుణ్ని గీసింది, గాలిని గీసింది, ఆ వేళ నిద్రపోయే మనిషిని మరిచింది. తన మీద తనకే రోత పుట్టింది.

పరమేశ్వర్‌ను బతిమాలింది. జాలీకి లోపలి వైపు ఏటవాలు చెక్క పలకలు బిగిస్తే గాలి వస్తుంది, వెలుగు రాదు.

"లింగం గదికి వెట్టు. పగటీలి వాడు పండుకుంటే మిగిలినయి ఉంచుత. లేకుంటే లేదు. మేస్త్రీ మాత్రం ఆగడు, అటు కొసకెల్లి మొదలువెడ్తడు."

ఉధ్నాలో వడ్రంగి వెంటపడి పలకలు చేయించి బిగించింది. ఇదీ కుదరకపోతే ఇక అద్దాలే గీద్దామనిపించింది. అంత విసిగిపోయింది.

సోమవారం మధ్యాహ్నం వచ్చేసరికి అటు చివర రెండు గదుల జాలీలు మూసుకుపోయాయి. మేస్త్రీ గంగారాం మూడోదానికి ఇటుకలు టకటకా కొడుతున్నాడు. ఆ గోడ చూసి కోమలికి ఏడుపొచ్చింది. రాజలింగం తలుపు కొట్టబోయి ఆగింది. లోపల నుంచి గురక వినిపిస్తోంది.

చెయ్యి దించుకుని గంగారాం దగ్గరికి నడిచింది. ఆ గోడ ఆపమని అడగడానికే వస్తోందనుకున్నాడు వాడు.

"మెల్లగ అన్నా," అంది కోమలి, "పండుకున్నడు."