ఆయన జేబులోని నీలం నోటు

మా ఆయనకి నోట్లు పోగేసే పిచ్చి. పిచ్చి అంటే కోపం, హాబీ అనాలట. మామిడికాయల వ్యాపారం చేసేవాడికి హాబీ ఏంటండీ? అందులోనూ అందరిలా పాత నోట్లయినా కాదు. వేడి తగిలితే రంగు పోయే సిరా ఉన్న నోట్లే కావాలి. అవి ఏ దేశంలో దొరికితే అక్కడి నుంచి రిజిస్టర్ పోస్టులో నూజివీడు వచ్చేవి. కొన్నయితే అసలు ఏ దేశానివీ కావు. నోట్లు అచ్చేసే కంపెనీలు మా సిరా ఇలా ఉంటుంది చూడండి అని మాదిరికి వేసుకున్నవి. కిళ్ళీ కొట్లో ఇస్తే సున్నం కూడా పెట్టరు.

ఇంటికి ఎవరొచ్చినా నేను కాఫీ కలిపేలోపు ఆల్బం తెరిచేవాడు. నోటు మీద నీలం చుక్కని బొటనవేలితో కాసేపు రుద్దితే చుక్క మాయమయ్యేది. వేలు తీశాక మెల్లగా మళ్ళీ వచ్చేది. దొంగనోటు వాడు బొమ్మని దించగలడు గానీ, వేలు తగిలితే సిగ్గుపడటం నేర్పలేడు కదా అనేవాడు. వచ్చినవాళ్ళు అబ్బో అనేవాళ్ళు. నేను లోపల గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేదాన్ని.

మాకు అన్నం పెట్టింది ఆ వేళ్ళే, అది మాత్రం ఒప్పుకోవాలి. మా మార్కెట్లో పాతకాలం వ్యాపారులు ఇప్పటికీ నోటితో బేరం చెయ్యరు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల ఎన్ని వేళ్ళు పట్టుకుంటే, ఏ వేలు నొక్కితే, టన్ను ధర అంత. చుట్టూ ఎంతమంది నిలబడినా ఒక్కడికీ తెలీదు. ఆ బేరంలో మా ఆయన్ని కొట్టినవాడు లేడు. రెడ్డిగూడెం, ముసునూరు తోటల రైతులు ఈయన చెయ్యి పట్టుకోడానికి కాయల ట్రాక్టర్ పక్కనే కాచుకుని ఉండేవాళ్ళు.

షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. పొద్దున మాత్ర వేసుకుంటాడు, మధ్యాహ్నం చిన్నరసాలు జుర్రుకుంటాడు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

తర్వాత కొత్త వేషం మొదలైంది. ఆల్బంలోంచి ఒక నీలం నోటు తీసి చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. కాఫీ గ్లాసు ఇస్తే ముందు దానికి నోటు ఆనించి, చుక్క వంక చూసి అప్పుడు పట్టుకునేవాడు. స్నానానికి నీళ్ళు తోడితే బకెట్టుకీ అదే పూజ. వెనకటికెవడో పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాట్ట, అలా ఉంది మీ వరస అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం మార్కెట్ నుంచి వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము, మామిడి సొన. పెరట్లో కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కోకపోతే గడప దాటనివ్వను నేను. డాబా మీద ట్యాంకు నుంచి ఇనపగొట్టం ఎండలోనే దిగుతుంది, ఆ వేళకి అందులో నీళ్ళు సలసలా కాగుతుంటాయి. కాసేపు వదిలేశాక గానీ మేమెవరం చెయ్యి పెట్టం. ఈయన కుళాయి తిప్పి, పాదం కింద పెట్టి, నింపాదిగా రుద్దుకుంటూ బంగినపల్లి ధర ఎలా పడిపోయిందో చెప్తున్నాడు. తువ్వాలు అందించబోతే నాలుగు చుక్కలు నా చేతి మీద పడ్డాయి. అమ్మో అని చెయ్యి లాక్కున్నాను.

"ఏంటి? చల్లగానే ఉన్నాయిగా," అన్నాడు.

పాదం మీద తోలు లేచిపోయి ఉంది. గబుక్కున కుళాయి కట్టేశాను.

ఆస్పత్రికి పదండి అంటే, సీజన్ అయిపోనీ అన్నాడు. ఏదో ఆయింట్‌మెంట్ రాసుకుని, చెప్పులో పాదం దూర్చుకుని రోజూ మార్కెట్‌కి వెళ్ళాడు. నొప్పి లేదుగా మరి, ఆగడానికి. వాసన వచ్చాక విజయవాడ తీసుకెళ్ళాం. ముందు వేళ్ళు తీశారు. తర్వాత సగం పాదం తీశారు.

వార్డులో ఏసీ చల్లదనానికి ఆ జేబు నోటు మీద చుక్క మళ్ళీ వచ్చింది. మా ఊళ్ళో వేసవంతా అది కనపడనే లేదు, ఎండకి జేబులోనే వెలిసిపోయి ఉండేది. ఆయన దాన్ని క్యారియర్ గిన్నెకి ఆనించి, చుక్క పోవడం నాకు చూపించాడు. ఇది చూస్తే గానీ వేడో చలో తెలీదే నాకు అన్నాడు. కాళ్ళకేనా అని అడిగాను. రెండు చేతులూ చాపి ముందు పెట్టాడు. రెండేళ్ళుగా స్పర్శ లేదట. మరి బేరాలో అంటే, ఎదుటివాడి మొహం చూసి సుమారుగా అందుకుంటున్నానన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. నాతో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ కుళాయి నీళ్ళు ముందు నేనే చెయ్యి పెట్టి చూసేదాన్ని కాదా?

"కాలి సంగతి ఎవరికైనా చెప్పుకో. చేతుల సంగతి మాత్రం చెప్పకు. తెలిసిందంటే ఒక్కడు కూడా తువ్వాలు కప్పడు," అన్నాడు.

నేను ఎవరికీ చెప్పలేదు. కానీ మార్కెట్లో ఏదో అనుమానం పుట్టినట్టుంది. ఏళ్ళ తరబడి ఈయనతో బేరాలు చేసిన వ్యాపారి ఒకాయన కొబ్బరి బొండాలు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. మంచం మీద కూర్చుని ఆ కబురూ ఈ కబురూ చెప్పి, వచ్చే ఏడు ముసునూరు తోట సంగతి ఇప్పుడే తేల్చుకుందామా అన్నయ్యగారూ అన్నాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే చెయ్యి చాపాడు. వచ్చినాయన చెయ్యి కలిపి, పైన తువ్వాలు కప్పాడు.

నేను మంచం పక్కన పొట్టి స్టూలు మీద ఉన్నాను. తువ్వాలు అంచు కిందనుంచి లోపలంతా కనపడుతోంది. వచ్చినాయన ముందు మా ఆయన వేళ్ళు రెండు పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా వదిలేసి, తన చెయ్యి వెనక్కి తీసుకుని పరుపు మీద పెట్టుకున్నాడు. కళ్ళు మాత్రం మా ఆయన మొహం మీదే ఉన్నాయి.

మా ఆయన కళ్ళు చిట్లించి, తల అడ్డంగా ఊపి, ఇంకొంచెం పైకి రా అన్నాడు. లోపల మా ఆయన చెయ్యి ఒక్కటే గాల్లో ఉంది. చివరికి తనే, "సరే, ఖాయం," అన్నాడు.

ఖాయం అన్నయ్యగారూ అని ఆయన తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. వస్తానండీ వదినగారూ అన్నాడు గానీ నా వంక చూడలేదు.

"చూశావా, పట్టు ఎక్కడికీ పోలేదు," అని మా ఆయన నవ్వాడు. ఆస్పత్రిలో చేరాక నవ్వడం అదే మొదలు. సాయంత్రానికల్లా చేతుల సంగతి మార్కెట్టంతా తెలిసిపోతుంది. తువ్వాలు కింద ఎవరి చెయ్యీ లేదని ఈయనకి మాత్రం నేనే చెప్పాలి. అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టాను. అది నములుతూనే, వచ్చే ఏడు ఆ తోటలో ముందు ఏ వైపు కాయ కోయించాలో చెప్తున్నాడు.