ముందు బూడిద కడుగు

మీ ఇంట్లో వండే చేతిని, ఉతికే చేతిని, నేసే చేతిని చివరిసారి ఎప్పుడు వెల్లకిల తిప్పి చూశారు? పెళ్లి పీటల మీద పట్టుకున్న నాటి సంగతి కాదు, నిన్నటి సంగతి అడుగుతున్నాను. జవాబు తోచకపోతే కాసేపు కూర్చోండి. గద్వాలలో మా పక్కింటి అక్క చనిపోయింది. ఆమె చేతుల గురించి చెప్పాలి.

కబురు అందినప్పుడు నేను అచ్చంపేటలో ఒక ఇంటి ప్రార్థన కూటంలో వాక్యం చెబుతున్నాను. గొంతు పైస్థాయిలో ఉంది. ఇంటాయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని నాకు చెయ్యి అడ్డం చూపాడు. ప్రసంగం మధ్యలో నన్ను ఆపినవారు తక్కువ. "అయ్యగారూ, గద్వాల నుంచి. మీ పక్కింటి పెద్దామె పోయిందంట" అన్నాడు. మధ్యాహ్నం అన్నం తిని మగ్గం పక్కన చాప మీద ఒరిగిందట. కోడలు లేపితే లేవలేదట. నేను గ్రంథం మూసి బస్సెక్కాను. నాగర్‌కర్నూలులో ఒకటి, వనపర్తిలో ఒకటి మారి ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. మనుషులు స్నానాలు చేసి ఎవరి గడపకు వాళ్లు పోయారు.

ఆమె మాకు చుట్టం కాదు. ఆమెది మగ్గాల ఇల్లు, మాది మానవపాడు వైపు నుంచి కూలికి వచ్చి గద్వాలలో నిలిచిన ఇల్లు. ఆమె మల్దకల్ వెంకన్నకు మొక్కేది, నేను సిలువ వాక్యం చెప్పేవాణ్ణి. మధ్యలో నడుమెత్తు గోడ. ఆ గోడ మీది నుంచి ఇరవై ఏళ్లు మాటలు, కూర గిన్నెలు అటూ ఇటూ నడిచాయి. నేను పొద్దున్నే గొంతెత్తి ప్రార్థన మొదలుపెడితే అటువైపు నుంచి, "తమ్మీ, జర మెల్లగ. దేవునికి చెవుడు లేదు, మా కోడలికి తలనొప్పి ఉన్నది" అనేది. నేను తగ్గించేవాణ్ణి. నన్ను అలా తగ్గించగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

ఇక చేతులు. అక్కది పుట్టుకతోనే ఉల్లిపొర లాంటి చర్మం. బట్టల సబ్బు తగిలితే ఎరుపెక్కేది, ఎండ తగిలితే దద్దురు, చలిగాలి తగిలితే పగులు. అలాంటి చేతులకు దొరికిన పని పట్టుతో. గద్వాల చీరకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. నూలు పోగు చివరను పట్టు పోగు చివరతో కలిపి, వేళ్ల మధ్య మెలిపెట్టి అతకాలి. ఒక్కో పోగూ విడివిడిగా, మగ్గం వెడల్పంతా. అలా అతికి మగ్గానికి ఎక్కించే పోగుల వరసనే అచ్చు అంటారు. పోగు జారకుండా వేళ్లను బూడిదలో అద్దుకుంటారు. అక్క పక్కన కొబ్బరిచిప్పలో జల్లించిన పిడకల బూడిద ఎప్పుడూ ఉండేది. కొడుకు నేసేవాడు, అతికేది అక్క.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత ఒక చలికాలం ఆ వేళ్లు ఇక పని చేయలేమన్నాయి. చూపుడు వేలు, బొటనవేలు కొసలు పగిలి నెత్తురు కనిపించేది. పగిలిన అంచులకు పట్టుపోగు చిక్కుకుని తెగేది. తెగిన పోగును మళ్లీ అతకాలంటే మళ్లీ అవే వేళ్లు. పెళ్లిళ్ల కాలం, చీరలు నేయించే సేటు కబురు మీద కబురు పంపుతున్నాడు. కోడలు అప్పటికి పచ్చి బాలింత, పని రాదు. కొడుకు ఒకరోజు మగ్గం గుంతలోంచి లేచి తేల్చి చెప్పాడు.

"అమ్మా, ఇగ నీతోటి కాదు. ఈ పున్నానికి అచ్చు ఎక్కకుంటే మగ్గం ఇప్పుత. షోలాపూర్ పోదం. మిల్లుల పని దొరుకుతది."

"మిల్లుల నీకు దొరుకుతది. నాకేం దొరుకుతది?"

"వంట చేస్కుంట ఇంట్ల ఉండు."

"ఉప్పు తగిలితె ఏడ్చే చేతులు ఇవి. వంటకు పనికొస్తయా బిడ్డా?"

అతను మళ్లీ గుంతలోకి దిగాడు. గోడకు ఇటువైపు నేను వింటున్నాను. షోలాపూర్ వెళ్లినవాళ్ల ఇళ్లు మా వీధిలో అప్పటికే కొన్ని తాళాలు వేసి ఉన్నాయి. మగ్గం ఒకసారి విప్పితే మళ్లీ బిగించినవాణ్ణి నేను చూడలేదు.

వీధి అంతా వైద్యం తెచ్చింది. ఒకామె ఆముదం, ఒకామె కొబ్బరినూనె, మరొకామె వెన్న. నేను ప్రార్థించిన నూనె బుడ్డి ఇచ్చాను. నా చేతిలోని గ్రంథం నిండా నూనే కదా. రాజుల తలల మీద నూనె, దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడి గాయాల మీద నూనె. అక్క నా బుడ్డిని రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకుంది. "దీన్ని తలకు పెట్టుకుంట తమ్మీ. చేతికి పెడితె పట్టుకు మరక పడుతది. సేటు మరకనే చూస్తడు గాని నీ ప్రార్థనను చూడడు" అంది.

చివరకు దవాఖానకు పోయింది. డాక్టరమ్మ చేతులు రెండూ తిప్పి చూసి, ఇది అంటుకునే రోగం కాదు, చర్మమే సున్నితం అని చెప్పిందట. వాసన లేని, పల్చటి, జిడ్డు మిగలని క్రీము రాసుకోమంది. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి, ఒకటి రెండు రోజులు చూసి, దురదా ఎరుపూ రాకపోతేనే చేతులకు వాడమంది. అక్క ఆ మాటను మా ఇళ్లలో వాక్యం పట్టుకున్నట్టు పట్టుకుంది. మందుల దుకాణానికి తోడు రమ్మని నన్ను పిలిచింది.

"ఏం కావాలె అవ్వా?" అన్నాడు దుకాణపాయన.

"చేతులకు రాసే క్రీము. వాసన ఉండొద్దు, జిడ్డు ఉండొద్దు, మండొద్దు."

"అన్నీ ఉండొద్దంటె ఇగ ఏముంటది? నీళ్లు కొనుక్కపో."

పక్కనున్నవాళ్లు నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆయన అద్దాల అరలోంచి రంగు డబ్బా ఒకటి తీశాడు. "ఇది మస్తు పోతున్నది. నెల రోజులల్ల తెల్లగైతవు."

"తెల్లగయ్యి ఎవలకు చూపియ్యాలె? మగ్గానికా?"

తర్వాత ఒక్కొక్కటి మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మల్లెల వాసన వచ్చినదాన్ని వెనక్కి నెట్టి, "పూలు తలల పెట్టుకుంట, వేళ్లకెందుకు?" అంది. చూడటానికని తెరిచి ఉంచిన వాటిలోంచి రవ్వంత తీసి వేలి వెనకవైపు రుద్ది, అది ఇంకిపోయేదాకా నిలబడింది. అప్పుడు నడుము దగ్గర ముడి విప్పి ఒక పట్టు పీచు తీసి, ఆ చోట నలిపి వెలుగుకు ఎత్తి చూసింది. పీచు నల్లబడితే జిడ్డు. ఒకటి నల్లబరిచింది. ఇంకొకటి మైనంలా పైనే నిలిచింది. చిన్న గొట్టంలో ఉన్న తెల్లటిది, నీళ్లలా పల్చగా పాకేది మాత్రం పీచును అలాగే ఉంచింది. దుకాణపాయన నవ్వు ఆపి, మోచేతులు బల్ల మీద ఆనించి చూస్తున్నాడు. "ఇగో, ఏమీ లేని క్రీము దొరికింది" అంది అక్క.

మోచేతి మడత దాన్ని ఒప్పుకుంది. ఎరుపు లేదు, దురద లేదు. అప్పుడు వేళ్లకు రాసింది. నిప్పు పెట్టినట్టు మండిందట. మరునాడూ అంతే. కొడుకు పాత్రలు మూటకట్టడం మొదలుపెట్టాడు. మూటల చప్పుడు గోడకు ఇటు వినిపించేది. నేను గడపలోకి వెళ్లి, ఓర్చుకో అక్కా, శ్రమలోంచే ఓర్పు పుడుతుంది అని చెప్పాను. ఎప్పుడూ చెప్పే మాటే. ఆమె నా వైపు చూడలేదు. మోచేతిని చూసుకుంటోంది, వేళ్లను చూసుకుంటోంది.

"తమ్మీ, క్రీము ఒకటే. తోలు ఒకటే. ఈడ మండలే, ఈడ మండుతున్నది. నడుమ ఏమున్నది?"

ఆమె చూపు కొబ్బరిచిప్ప మీద ఆగింది.

పాఠకులారా, మగ్గాల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. బూడిద చేతిని కొంగుకు తుడుచుకుంటారు, కడగరు. తడి చేయి పట్టు దరిదాపులకు రాకూడదని అత్తలు నేర్పుతారు. అక్కకు వాళ్లత్త నేర్పింది, ఆమెకు ఆమె అత్త. అక్క కూడా బూడిదను కొంగుకు తుడిచి, ఆ పగుళ్ల మీదే క్రీము రాసుకుంటోంది. పగుళ్లలో కూరుకున్న బూడిదకు ఆ తడి తగిలి కాలుస్తోంది. బూడిదలో కూర్చుని ఏడ్చినవాళ్ల గురించి నేను ఎన్నో ఊళ్లలో గొంతు చించుకుని చెప్పాను. బూడిదలో వేళ్లు పెట్టి బతికేవాళ్లు గోడకు అటువైపే ఉన్నారు.

ఆమె ఎడమ చేతిని చెంబు నీళ్లతో కడిగింది. పగుళ్లు తెరిచి, మెల్లగా, సబ్బు లేకుండా. మెత్తటి గుడ్డతో అద్దింది. కుడి చేతిని ఎప్పటిలాగే కొంగుకు తుడిచింది. రెండింటికీ అదే క్రీము రాసింది. మేమిద్దరం ఆ చేతుల వైపు చూస్తూ కూర్చున్నాం. కుడి చేతిని ఆమె గాలికి విదిలించింది. ఎడమ చేయి ఒళ్లో ఊరికే పడుకుని ఉంది.

"చూసినవా? దొంగతనం బూడిదది, తిట్లు క్రీముకు" అంది. తర్వాత కొడుకును కేకేసింది. "మూటలు ఇప్పురా. గిన్నెలు లేక పొద్దటిసంది చాయ్ లేదు."

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. అతుకు పని ఆపగానే లేచి చేతులు కడుక్కోవడం, తడి పూర్తిగా ఆరకముందే శనగగింజంత క్రీము రాయడం, అది ఇంకేదాకా ముచ్చట్లు చెప్పుకోవడం. మళ్లీ కూర్చునే ముందు పీచును నలిపి చూడటం. పొడి వేళ్లకే బూడిద. పగుళ్లు ఒక్కసారిగా పోలేదు. మొదట నెత్తురు ఆగింది, తర్వాత అంచులు మెత్తబడ్డాయి. పున్నమికి ముందే అచ్చు ఎక్కింది. సేటు చీర విప్పి చూసి ఏమీ అనలేదు. సేట్లు ఏమీ అనకపోవడమే మెప్పు.

నేను ఊరుకుంటానా? గోడ దగ్గర గ్రంథం తెరిచాను. "అక్కా, ఇది మా వాక్యంలో ఎప్పుడో ఉంది. దేవుని గుడారపు గుమ్మం దగ్గర యాజకులను ముందు నీళ్లతో కడిగారు. ఆ తర్వాత పవిత్ర వస్త్రం తొడిగారు. ఆ తర్వాతే తల మీద నూనె పోశారు."

అక్క ఆలోచించింది. "బట్ట తొడిగినంక నూనె పోసినరా?"

"అవును."

"మరక పడలేదా? నేసినామె ఎవరో గాని, ఎంత ఏడ్చిందో పాపం."

కానీ నీళ్లు ముందు అన్న సంగతిని మాత్రం ఆమె ఒప్పుకుంది. "గది రాసినోడు చేతిపని తెలిసినోడే" అంది.

పేరు వీధి దాటింది. వనపర్తి నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి, అక్కా నీ క్రీము పేరేంది అని అడిగేవారు. ఆమె పేరు చెప్పేది కాదు. "నాకు పడ్డది నీకు పడుతదని ఎవలు చెప్పిన్రు? నీ మోచేతిని అడుగు" అనేది. అది మా వీధిలో సామెత అయిపోయింది. కొత్త సంబంధం వచ్చినా, కొత్త విత్తనం వచ్చినా, మోచేతిని అడుగు అని నవ్వుకునేవారు. నాకు మాత్రం వేరే మాట మిగిలింది. నా ఓర్పు ప్రసంగాన్ని ఆమె మరచిపోలేదు. ఒకరోజు బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అంది. "మంటను ఓర్చుకునుడు భక్తే కావచ్చు తమ్మీ. మంట యాడికెల్లి వస్తున్నదో చూసినంక ఓర్చుకో." ఆ తర్వాత ఓర్పు గురించి నేను చెప్పిన ప్రతి ప్రసంగంలో ఆ మాట ఉంది. ఎవరిదో చెప్పకుండా వాడుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను.

దినాలు అయ్యాక ఆ ఇంటికి వెళ్లాను. ఏడవలేదు. నా పని ఇతరుల ఇళ్లలో ఏడవకుండా నిలబడటం, అది అలవాటైంది. మగ్గం మీద అచ్చు సగం అతికి ఉంది. సగం దాకా నూలూ పట్టూ ఒక్కటై బిగువుగా సాగి ఉన్నాయి. మిగతా సగంలో రెండు వైపుల కొసలూ ఒకదానికొకటి ఎదురుగా వేలాడుతున్నాయి. కొబ్బరిచిప్ప దాని చోటనే ఉంది. క్రీము గొట్టం అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చి, మూత దగ్గర కొద్దిగా మిగిలింది.

కోడలు వచ్చి అత్త చోట కూర్చుంది. బూడిద అద్దుకుని, అత్త ఆపిన పోగు పక్క పోగును పట్టుకుంది. మెల్లగా సాగింది పని. కాసేపటికి చెయ్యి ఆపి, ఏదో ఆలోచిస్తూ వేళ్లను కొంగు దగ్గరికి తెచ్చింది. అక్కడ ఆగింది. లేచి గుమ్మంలోకి వచ్చి చెంబు వంచింది. బూడిద రంగు నీళ్లు గచ్చు మీద పాకుతూ నేను నిలబడ్డ చోటుదాకా వచ్చాయి. నేను కాలు తీయలేదు. ఆమె గొట్టంలో మిగిలిన క్రీమును రెండు చేతులకూ రాసుకుంది.

"మామా, ఎడమ చేతికి మండుతలేదు గాని కుడి చేతికి జర మండుతున్నది" అంది.

"ఇంకోసారి కడుగు బిడ్డా" అన్నాను.

ఇక మీరు లేవండి. ఈ కాగితం పక్కన పెట్టండి. పొద్దు గూకకముందే మీ ఇంట్లో ఆ చేతిని పట్టుకుని వెల్లకిల తిప్పి చూడండి. పూత సంగతి తర్వాత. ఇవాళ, ఇప్పుడే, చెంబుతో నీళ్లు తెండి.