నా యారాలు, నా బిడ్డకు చిన్నమ్మ

మా యారాలు పోయిందన్న ఫోను నాకు రాలేదు. మా బిడ్డకు వచ్చింది.

పొద్దున నేను స్టవ్ దగ్గర ఉన్నాను. మరిది ఆస్పత్రి నుంచి చేశాడు. ఇంటికి పెద్దకోడలిని నేను, ఆయనకు వదినను నేను, నా ఫోను కూడా అక్కడే పిండి డబ్బా మీద ఉంది. అయినా ఆయన వేలు మా బిడ్డ నంబరు మీదికే పోయింది. అది ఫోను చెవికి ఆనించుకుని, గోడ పట్టుకుని అట్లాగే కిందికి కూర్చుంది. చావు కబురు కూడా బిడ్డ ముఖం చూసి తెలుసుకోవలసి వచ్చింది నేను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కుళ్ళు. చదివి ముఖం చిట్లించుకునేవాళ్ళు చిట్లించుకోండి, ఉన్నమాట రాస్తున్నాను.

సూరత్‌లో ఉండే మనవాళ్ళ సంఘం పత్రికకు ఆమె గురించి నాలుగు మాటలు రాయమని అడిగారు. మంచిగా రాయక్కా అన్నారు. మంచిగా రాయడానికి ఆమెను మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నవాగామ్‌లో మా గల్లీ నిండా వాళ్ళే. ఇన్నేళ్ళు ఎదురు గదిలో ఉండి, ఒకే నల్లా కింద బిందెలు పెట్టి, ఆమెను చూసి లోపల లోపల ఉడికిపోయినదాన్ని మాత్రం నేనొక్కతినే.

ఆమె మా మరిది భార్య. నాకు తోడికోడలు, మా వైపు మాటలో యారాలు. ఇద్దరివీ కరీంనగర్ దిక్కు ఊళ్ళే. అన్నదమ్ములిద్దరూ ఉధ్నాలో మరమగ్గాల మీద పని చేస్తారు, పదిహేను రోజులు పగటి పాళీ, పదిహేను రోజులు రాత్రి పాళీ. మేమిద్దరం ఇంట్లో మిషన్ల మీద చీరలకు లేసు కుట్టేవాళ్ళం. చదువులో తేడా లేదు, ఇద్దరమూ పదో తరగతే. అందంలో నేనే ఒక మెట్టు మీద, మా అత్తమ్మ ఒప్పుకున్న మాటే అది. వంటయితే చెప్పనక్కర్లేదు. ఆమె పప్పులో చింతపండు పిసికిందంటే పళ్ళు జివ్వుమనేవి. ఆ పప్పు తినడానికే మా బిడ్డ, నేను వండిన కూర గిన్నెలో వదిలేసి, వరండా దాటి పోయేది.

ఆమెలో ఏముందో అని నేను చాలా రోజులు కనిపెట్టి చూశాను. ఒకటే కనిపించింది. ఎవరు మాట్లాడటం మొదలుపెట్టినా మిషన్ మీంచి కాలు తీసేసేది. చిన్నపిల్ల వచ్చి పెన్సిలు పోయిందన్నా సరే. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఆఁ, చెప్పు" అనేది. చెప్పడం అయ్యేదాకా కుట్టేది కాదు. పని ఆగదా అంటే ఆగుతుంది. చీరల మూట కోసం సేఠ్ మనిషి వచ్చి తలుపు దగ్గర నిలబడితే నన్ను బతిమాలేది, "అక్కా, గీ రెండు చీరలు జర చూడవా" అని. ఆమె వినడానికి ఆపిన పని నేను కుట్టేదాన్ని. ఆ పేరు మాత్రం ఆమెకు వచ్చింది.

ఆమెకు ఇద్దరు కొడుకులు. ఇంట్లో నిలిచేవాళ్ళు కారు, క్రికెట్టు బ్యాటు పట్టుకుని పోతే చీకటిపడ్డాకే రావడం. నాకున్నది ఒక్క బిడ్డ. అదీ ఆమె గదిలోనే. పెద్దమనిషైన సంగతి కూడా ముందు ఆమెకే చెప్పింది. ఆమె వచ్చి, గడప దగ్గర నిలబడి, నవ్వుకుంటూ నాకు చెప్పింది. ఆరోజు పేరంటంలో అందరికీ తీపి పంచాను గాని, నా నోటికి మాత్రం అది చేదే.

ఇక బడి సంగతి. మా బిడ్డ పదో తరగతిలోకి వచ్చిన ఏడు సర్కారు నుంచి కొత్త హుకుం వచ్చింది. పిల్లలకు దేశభక్తి నేర్పాలని వారానికి రెండు పీరియడ్లు పెట్టారు. అక్కడితో ఆగితే సరిపోను. వారానికోసారి ఇంటిల్లిపాది పొద్దున వరసగా నిలబడి, హిందీలో ఉన్న ప్రతిజ్ఞ చదువుతుంటే వీడియో తీసి బడికి పంపాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ కనిపించాలి. దానికి ఇంటర్నల్ మార్కులు. మా బిడ్డ నర్సింగు చదువుతానంటుంది, మార్కులంటే దానికి ప్రాణం.

మొదటి వీడియో రోజు మా ఆయనది రాత్రి పాళీ. పొద్దున వచ్చి, రెండు ముద్దలు తిని, అప్పుడే పడుకున్నాడు. నేనే లేపాను. బనీను మీదనే గోడకు నిలబెట్టాం. కళ్ళు తెరుచుకోవు, నోట్లో హిందీ తిరగదు, గాలికి ఆడే దండెం మీది లుంగీ లాగా అటూ ఇటూ ఊగుతున్నాడు. అయినా చదివాడు పాపం. బిడ్డ పంపింది. సాయంత్రానికల్లా క్లాసు గ్రూపులోనే, అందరూ చూసేటట్టు, వాపసు వచ్చింది. తండ్రికి నిటారుగా నిలబడే మర్యాద కూడా లేదు, మళ్ళీ తీసి పంపు అని సారు రాశాడు.

రాత్రంతా మగ్గాల మధ్య నిలబడి వచ్చిన మనిషికి నిలబడటం రాదట. ఆ మాటకు నాకూ ఒళ్ళు మండింది. కాని మా బిడ్డ ఫోను పట్టుకుని నా ముందు నుంచే నడిచి ఎదురు గదిలోకి పోయింది. మిషన్ చప్పుడు ఆగిపోవడం నాకు ఇక్కడికి వినిపించింది.

లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా తెలియదు. తలుపు తెరిచే ఉంది గాని, అడుక్కున్నట్టు వెళ్ళి నిలబడటం నాకు చాతకాదు. ఒక్క మాట మాత్రం చెవిన పడింది. "ప్రేమ ఉన్నోళ్ళకు పరీక్ష ఎందుకు పెడ్తరే? మీ సార్‌ను గదే అడుగు," అన్నది ఆమె. ఇంత చిన్న మాట నాకెందుకు తోచలేదా అని ఆ రాత్రి దొర్లుతూనే ఉన్నాను.

ఆ వారమంతా పిల్లలు ఆమె గదిలో గుంపులు కట్టారు. మా బిడ్డ క్లాసువాళ్ళే, మనవాళ్ళు, ఒడియావాళ్ళు, మరాఠీవాళ్ళు, అందరి తండ్రులూ మగ్గాల మీదే. అందరూ ఆమెను చిన్నమ్మ అనే పిలిచేవాళ్ళు, ఒడియా పిల్లలు కూడా. ఆమె ఇది చెయ్యండి, అది చెయ్యండి అన్నది లేదు. "ముందుగాల తినుండ్రి, తర్వాత కొట్లాడుండ్రి," అని ఆ పుల్లటి పప్పే పోసేదట. ఉపాయం పిల్లలదే.

మరుసటి వారం వీడియో పంపే రోజు క్లాసులో ఒక్కరు కూడా తండ్రిని లేపలేదు. పడుకున్న తండ్రిని పడుకున్నట్టే తీసి పంపారు. మొదటి వీడియో మా ఆయనదే. నేను నల్లా దగ్గర బట్టలు పిండుతున్నప్పుడు తీసింది నా బిడ్డ. చాప మీద బోర్లా పడుకున్న మనిషి, మీద తిరిగే పంకా. పక్కనుంచి మా బిడ్డ గొంతు హిందీలో, మా బాపు రాత్రంతా నిలబడి బట్ట నేసి వచ్చాడు, ఇప్పుడు నిద్రపోతున్నాడు, నేను లేపను అని. అంతే. ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు, గ్రూపు నిండా నిద్రపోయే తండ్రులు.

ఈ సంగతి నాకెట్లా తెలిసింది? నల్లా దగ్గర యారాలు చెప్తే తెలిసింది. పడుకున్నది నా మొగుడు, తీసింది నా బిడ్డ, తీసిన గది నాది. చెప్పేది ఆమె! బిందె నిండి కారిపోతున్నా నేను చూసుకోలేదు.

మా ఆయనకు చెప్తే కోపం చేస్తాడనుకున్నాను. గురక కూడా వినిపించిందా అని అడిగి, పడీ పడీ నవ్వి, కార్ఖానాలో అందరికీ తనే చెప్పుకున్నాడు.

బడిలో మాత్రం పెద్ద గొడవయింది. దేశాన్ని వెక్కిరించారన్నారు. ఇంటర్నల్ మార్కులు సున్నా వేస్తామన్నారు. పిల్లలు, అయితే మేము ఆ పీరియడ్‌లో క్లాసులోకి రాము, వరండాలో కూర్చుంటాం అన్నారు. పెద్దవాళ్ళెవరూ తోడు లేకుండా కూర్చుంటే బయటికి గెంటుతారని యారాలు వాళ్ళతో బయలుదేరింది. అప్పుడు నేను ఉండబట్టలేక మా గదుల ముందు వరండాలో అడ్డం నిలబడ్డాను.

"నీ కొడుకులను తోలుకపో. నా బిడ్డనే ఎందుకు ముంగట పెడ్తున్నవ్? సున్నా మార్కులొస్తె నువ్విస్తవా నర్సింగు సీటు?" అన్నాను.

ఆమె ముఖం మాడిపోయింది. కాని గొంతు పెంచలేదు. "నేను పెడ్తలేనక్కా. అది పోతనన్నది. ఒక్కతే పోతె నాకు పానం ఒప్పలే. నువ్వు సుత రా."

"రాను," అన్నాను. వెళ్ళలేదు. నా బిడ్డ దగ్గరికి నేను ఇంకొకరు పిలిస్తే పోవాలా? ఆ కోపం న్యాయమైనదే అని ఇప్పటికీ అంటాను.

బడి వరండాలో పిల్లల మధ్య ఆమె ఎట్లా కూర్చుందో పక్కింటావిడ చూసి వచ్చి చెప్పింది. చీరల మూట వెంట తీసుకుపోయి, ఒళ్ళో పెట్టుకుని, దారాలు కత్తిరిస్తూ కూర్చుందట. హెడ్‌మాస్టరు వచ్చి మీరెవరి తల్లి అని అడిగితే, అందరి పేర్లు చెప్పిందట. రోజూ అదే. చివరికి బడివాళ్ళు ఇంటి వీడియోకు మార్కులు లేవని ఒప్పుకున్నారు, పీరియడ్ మాత్రం ఉంటుందన్నారు. ఆ సాయంత్రం అందరూ ఇక్కడి శనగపిండి ఖమణ్ కొనుక్కుని అరుచుకుంటూ వచ్చారు. మా బిడ్డ ఆకులో నాకు రెండు ముక్కలు తెచ్చి పెట్టింది. తిన్నాను. బాగుంది. బాగుండటం చూసి ఇంకా మండింది.

వానలు తగ్గుతుండగా ఆమెకు జ్వరం వచ్చింది. ముందు మామూలు జ్వరమే అనుకున్నాం, తర్వాత డెంగీ అన్నారు, రక్తంలో కణాలు పడిపోతున్నాయన్నారు. ఆస్పత్రిలో పగలు నేనే ఉన్నాను. నోరు తడుపుతుంటే కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టి, "అక్కా, బిడ్డ తిన్నదా?" అని అడిగింది. ఆమె కొడుకుల గురించి అడుగుతుందనుకున్నాను. కాదు, నా బిడ్డ గురించే. నా బిడ్డ తిన్నదో లేదో నన్నే అడిగింది! తిన్నది అన్నాను. నిజానికి ఆరోజు అది ఏం తిన్నదో నాకు తెలియదు. ఆమె కణతల మీద జుట్టు సర్దాను. ఎంత పలచబడిపోయిందో అప్పుడే చూశాను. తెల్లారి ఆ ఫోను వచ్చింది.

ఆమె పేరు మీద కాకికి, మా వైపు మాటలో పిట్టకు, పెట్టిన రోజు మేడ మీద విస్తరి పెట్టి కిందికి వస్తే మెట్ల నిండా బడి పిల్లలు. వాళ్ళంతా మా బిడ్డను పట్టుకుని ఏడ్చారు. నన్ను పట్టుకుని ఏడ్చినవాళ్ళు లేరు. యారాలు పోతే నాకేమీ పోనట్టే. పండగకు ఎవరి చీర ఎంత బాగుందో అని నేనింక ఎవరితో పోటీ పడాలి? ఈ కుళ్ళంతా ఇప్పుడు ఎవరి మీద చూపించాలి? అది ఆ పిల్లలకేం తెలుసు.

దినాలు అయిన కొద్ది రోజులకే బడిలో కొత్త హుకుం. వీడియో వద్దన్నారుగా, అయితే తండ్రులే శనివారం పొద్దున బడికి వచ్చి మైదానంలో నిలబడి ప్రతిజ్ఞ చదవాలి, రానివాళ్ళ పేర్లు మైకులో చదువుతాం అన్నారు. పిల్లలు మళ్ళీ వరండాలో కూర్చుంటామన్నారు. శుక్రవారం సాయంత్రం మా బిడ్డ నా దగ్గరికి వచ్చింది. కాసేపు తలుపు గొళ్ళెం ఆడిస్తూ నిలబడింది.

"అమ్మా, రేపు మాతోని వస్తవా? పెద్దోళ్ళు ఒకరుండాలె. చిన్నమ్మ లేదు గదా."

చిన్నమ్మ లేదు గదా. ఉంటే నా దగ్గరికి వచ్చేది కాదు. అది నాకు తెలుసు, నాకు తెలుసని దానికీ తెలుసు. పొద్దున మా ఆయన పాళీ దిగి వచ్చాడు. అన్నం పెట్టి, పడుకోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టి, నా మంచి చీర కట్టుకుని బిడ్డ వెనకాల నడిచాను.

వరండాలో పిల్లలు వరసగా కూర్చున్నారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంచారు. అది ఎవరికో నేను అడగలేదు, వెళ్ళి కూర్చున్నాను. మైదానంలో పదిమంది కూడా లేరు. మైకులో ఒక్కొక్క తండ్రి పేరూ చదివి, రాలేదు, రాలేదు అంటున్నారు. మా ఆయన పేరు వచ్చింది. ఎట్లా లేచానో తెలియదు, నిలబడ్డాను.

"పండుకున్నడు సార్," అన్నాను, మైదానం అవతలికి వినబడేటట్టు.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాతి పేరు చదివితే ఆ తండ్రి బిడ్డ లేచి తన భాషలో అదే మాట అన్నది. ఆ తర్వాత ఇంకొకడు.

నేను కూర్చున్నాక, ఈ ఏడే బడిలో చేరిందట, ఒక చిన్నపిల్ల ముందుకు వంగి నన్ను పట్టి పట్టి చూసింది.

"మీరు చిన్నమ్మ వాళ్ళ అక్కనా?" అని అడిగింది.

పక్కన నా బిడ్డ ఉంది. దీని తల్లిని నేను అనడానికి నోరు తెరిచాను. మా బిడ్డ నా నోటి వైపే చూస్తోంది.

"అవును," అన్నాను. "ఆమె అక్కనే."

మా బిడ్డ కొంచెం జరిగి, తన మోకాలు నా మోకాలికి ఆనించుకుని కూర్చుంది.